రక్షణ లైసెన్సు కాదు

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, కార్ల దగ్గర ఒక తమ్ముడు నన్ను ఆపి అడిగాడు: "అన్నా, లైసెన్సు పోయింది. రక్షణ కూడా పోయినట్టేనా?"

మెల్బోర్న్‌లో తాగి కారు నడుపుతూ పట్టుబడ్డాడు. కొన్నేళ్ల క్రితం బాప్తిస్మం తీసుకుని, సంఘం ముందు కన్నీళ్లతో సాక్ష్యం చెప్పిన కుర్రాడు. విషయం బయటపడ్డాక అతని పక్క కుర్చీ ఖాళీగా ఉంటోంది. ఆ రోజు నేను "ప్రార్థన చేసుకో తమ్ముడూ" అని తప్పించుకున్నాను. చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను.

ఈ ప్రశ్నకు మన పెద్దల దగ్గర ఒకటే జవాబు లేదు. ఇక్కడి తెలుగు సంఘాల్లో నెల్లూరు బాప్టిస్టు, గుంటూరు లూథరన్, పెంతెకొస్తు అందరూ ఒకే వరసలో కూర్చుంటారు. ఒక్కసారి పొందిన రక్షణ ఇక పోదని బాప్టిస్టుల్లో ఎక్కువమంది అంటారు. విశ్వాసం వదిలేస్తే పోతుందని లూథరన్లు, పెంతెకొస్తువాళ్లు అంటారు. తగవు పాతదే. 1618-19లో డోర్ట్ సభ మొదటి మాటకు ముద్ర వేసింది. తర్వాతి శతాబ్దంలో జాన్ వెస్లీ రెండో మాట పట్టుకున్నాడు. ఇద్దరి చేతుల్లోనూ ఒకే బైబిలు. తండ్రి చేతిలోంచి ఎవరూ లాక్కోలేరని యోహాను 10 చెబుతుంటే, రుచి చూశాక జారిపోయినవాళ్ల గురించి హెబ్రీ 6 వణుకు పుట్టిస్తుంది.

నాకు అర్థమైంది ఇది: ఈ రెండు రకాల మాటలు ఇద్దరు వేర్వేరు మనుషుల కోసం. హెచ్చరిక భయం లేనివాడికి. అభయం భయపడుతున్నవాడికి. మనం వాటిని తారుమారు చేసి పంచుతున్నాం. అభయం మన దగ్గర ఉంచుకుని, హెచ్చరిక పక్కవాడికి పంపుతున్నాం.

2019 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా రగ్బీ ఆటగాడు ఇజ్రాయెల్ ఫొలావు ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక జాబితా పెట్టాడు. ఫలానా ఫలానావాళ్లకు నరకమే, మారుమనస్సు పొందండి అని. మే నెలలో రగ్బీ ఆస్ట్రేలియా అతని కాంట్రాక్టు రద్దు చేసింది. డిసెంబరులో రాజీ కుదిరింది. మా వాట్సాప్ గ్రూపులో ఆ చర్చ వారాల తరబడి సాగింది, అంతా స్వలింగ సంపర్కుల గురించే. ఆ జాబితాలో మొదటి మాట తాగుబోతులు. అబద్ధికులూ ఉన్నారు. ఆ మాటల దగ్గర మాలో ఎవరూ ఆగలేదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయంలో అలాంటి జాబితా రాసిన పౌలు, వెంటనే మీలో కొందరు అలాంటివారే, ఇప్పుడు కడగబడ్డారు అని గుర్తు చేస్తాడు. ఆ తర్వాతి వచనం దాకా మేమెవరమూ వెళ్లలేదు.

ఇక్కడి మనవాళ్లకు వీసా సంగతయితే చప్పున తలకెక్కుతుంది. 1958 నాటి వలస చట్టంలో 501 సెక్షన్ ఉంది. గుణం బాగాలేదని తేలితే పర్మనెంట్ రెసిడెన్సీ కూడా రద్దవుతుంది. పేరులోనే పర్మనెంట్. మనలో చాలామంది రక్షణను ఈ లెక్కలోనే చూస్తారు: పరలోకంలో ఒక ఆఫీసు, అందులో మన ఫైలు, ఒక్క తప్పుతో రద్దు.

కానీ రోమా 8లో పౌలు వాడిన మాట వీసా కాదు, దత్తత. బిడ్డ తప్పు చేస్తే తండ్రి దండిస్తాడు, హెబ్రీ 12 ఆ మాటే చెబుతుంది. ఇంటిపేరు మాత్రం తీసెయ్యడు. లూకా 15లోని చిన్నకొడుకు తనను కూలివాడిగా పెట్టుకోమని అడగాలనుకుని వచ్చాడు. తండ్రి అతన్ని కొడుకుగానే లోపలికి తీసుకుపోయాడు.

"అయితే ఎంత తాగినా ఫరవాలేదా?" అని అడుగుతారు. ఇలాంటి ప్రశ్న వస్తుందని పౌలుకూ తెలుసు, రోమా 6 అందుకే రాశాడు. ఆ రాత్రి ఆ తమ్ముడి కారు కింద ఎవరి బిడ్డయినా పడి ఉండొచ్చు. జరిమానా కట్టాలి, శిక్ష అనుభవించాలి, సీసా వదలాలి. అందులో తగ్గింపు లేదు. తండ్రికి శాశ్వతంగా వీపు చూపించి వెళ్లిపోయేవాళ్లు ఉంటారనీ నేను కాదనను. హెబ్రీ 6 భయం వాళ్లది. కానీ పడిపోయి, "పోయిందా?" అని ఏడుస్తున్నవాడు వీపు చూపించలేదు. ముఖం ఇటే ఉంది. మూడుసార్లు ఎరగనన్న పేతురు కూడా ఏడ్చాడు. గొర్రెల్ని మేపే పని మళ్లీ అతని చేతికే వచ్చింది.

కాబట్టి తమ్ముడూ, పోలేదు. నిన్ను ఒంటరిగా కూర్చోబెట్టిన మేమే ఒకసారి హెబ్రీ పత్రిక చదువుకోవాలి.

వచ్చే ఆదివారం నేనే వచ్చి నిన్ను ఎక్కించుకుంటాను. ఎలాగూ లైసెన్సు లేదు కదా.