ఫైసలా కావాలంటే సుబూత్ చూపాలి



మొన్న మిర్యాలగూడలో ఒక వలీమాకు వెళ్లాను. రైస్ మిల్లులో పనిచేసే ఒక భాయ్ పక్కన కూర్చుని అడిగాడు: "సాబ్, మా బిడ్డకు బీసీ-ఈ సర్టిఫికెట్ మీద సీటొచ్చింది. రేపు కోర్టు కొట్టేస్తే ఎట్ల?" నేను నోరు తెరవకముందే ఎదురుగా ఉన్న పెద్దమనిషి ఫైసలా చెప్పేశాడు: "అదాలత్‌లో మనకు ఇన్సాఫ్ ఎక్కడిది మియా!"

ఈ మాట సూర్యాపేటలో విన్నాను, కోదాడలో విన్నాను. వినీ వినీ విసుగొచ్చింది. వకీలు, మున్సిఫ్, ఫిర్యాదు, దాఖలు, రద్దు... కోర్టు మాటలన్నీ మన ఉర్దూ దారిన తెలుగులోకి వచ్చినవే. కోర్టు ఎలా నడుస్తుందో మాత్రం మనకే పట్టదు.

అమెరికాలో రాష్ట్రాల కోర్టులు వేరు, ఫెడరల్ కోర్టులు వేరు. మన ముల్క్‌లో ఒకటే నిచ్చెన. కోదాడ కోర్టు, దాని మీద సూర్యాపేట జిల్లా కోర్టు, ఆపైన హైకోర్టు, చివర సుప్రీంకోర్టు. చట్టం కేంద్రానిదైనా రాష్ట్రానిదైనా ఈ మెట్లే. కానీ ఒక చట్టం రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేసే ఇఖ్తియార్ పై రెండు మెట్లకే ఉంది: హైకోర్టుకు 226వ అధికరణ కింద, సుప్రీంకోర్టుకు 32 కింద. దీన్నే న్యాయసమీక్ష అంటారు.

ఇక మన కేసు చూడండి. 2004 జులైలో ముస్లింలకు 5 శాతం జీవో వచ్చింది. బీసీ కమిషన్‌ను అడగకుండా ఇచ్చారని సెప్టెంబర్‌లో హైకోర్టు కొట్టేసింది. అదే తీర్పులో, వెనుకబాటును సరిగ్గా గుర్తిస్తే ముస్లింలకూ రిజర్వేషన్ ఇవ్వవచ్చని చెప్పింది. ఆ సగం మనకు ఏ జల్సాలో ఎవరూ వినిపించలేదు. 2005లో మళ్లీ 5 శాతం, మళ్లీ రద్దు. బీసీ 25, ఎస్సీ 15, ఎస్టీ 6 కలిపితే 46. అయిదు చేర్చితే 51, అంటే 50 గీత దాటుతుంది. అందుకే 2007 చట్టంలో 4 శాతమే పెట్టారు. అదీ మతం పేరుతో కాదు, అత్తరు సాయిబులు, ఫకీర్, హజాం, ఖురేషీ వంటి జమాతుల పేర్లతో. సయ్యద్, పఠాన్, మొఘల్‌లను బయట ఉంచారు. 2010 ఫిబ్రవరి 8న ఏడుగురు జడ్జీల ధర్మాసనం మెజారిటీతో దాన్నీ కొట్టేసింది. కమిషన్ సర్వే శాస్త్రీయంగా లేదంది. మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబెట్టి, కేసును రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. ఆ భాయ్ బిడ్డ సీటు ఇప్పటికీ ఆ ఉత్తర్వు నీడలోనే ఉంది.

ఇన్నేళ్లు తుది ఫైసలా రాకపోవడం జుల్మే. ఆ మాట సుప్రీంకోర్టు గురించి అనడానికి నాకు భయం లేదు. కానీ ప్రతిసారీ కోర్టు అడిగిన సవాల్ ఒకటే: ఎవరు వెనుకబడ్డారు, సుబూత్ ఏది? మన లీడర్లు సుబూత్ బదులు తఖ్రీర్లు ఇచ్చారు. మనం చప్పట్లు కొట్టాం. 2017లో అసెంబ్లీ 12 శాతం బిల్లు పాస్ చేసింది. మిఠాయిలు పంచుకున్నాం. అది ఢిల్లీకి పోయింది, చట్టం కాలేదు.

దూదేకుల భాయీలను చూడండి. దూది ఏకే వృత్తి పేరుతో ఏనాడో బీసీ-బీలో చేరారు. ఈ మూడు తీర్పులూ వాళ్ల జోలికి పోలేదు. కోర్టు పని గురించి, హాలత్ గురించి అడుగుతోంది. మనం మజహబ్ పేరు చెప్పి వస్తున్నాం.

2024 నవంబర్‌లో ఇంటింటి కులసర్వే వచ్చినప్పుడు మా గల్లీలో "ముస్లిం అని రాయి, చాలు" అన్నవాళ్లను నేను చూశాను. "ఇస్లాంలో జాత్-పాత్ లేదు" అన్నారు. మాషా అల్లాహ్! రిష్తా వస్తే మాత్రం మొదటి సవాల్: "సయ్యదా, పఠానా, ఏ ఖాందాన్?" పెళ్లికి పనికొచ్చే జాత్ సర్వేకు పనికిరాదా?

అదాలత్ మనదా కాదా అన్న బహస్ ఆపండి. నిచ్చెన అందరిదీ. ఎక్కేవాడి చేతిలో కాగితం ఉండాలి. మీ ఖాందాన్ పని, చదువు, ఆమ్దానీ దాచకుండా రాయించండి. ఓటు అడగడానికి వచ్చే ప్రతి లీడర్‌నూ ఒక్క మాట అడగండి: "సుప్రీంకోర్టులో మా కేసుకు కొత్త సుబూత్ ఏం పెట్టారు?"

జవాబు లేకపోతే దండ వేయకండి.