తప్పిపోయిన బిడ్డ అనాథ కాదు

యుద్ధం వచ్చినా, వరద వచ్చినా, భూకంపం వచ్చినా ముందుగా చెదిరిపోయేది కుటుంబం. ప్రాణభయంతో పరుగెత్తే జనంలో తల్లి చేయి జారిన బిడ్డ ఒక దారిన పోతాడు. తల్లి మరొక దారిన పోతుంది. శిబిరానికి చేరిన తరువాత ఆ బిడ్డకు అన్నం పెట్టేవారు, గుడ్డ ఇచ్చేవారు దొరుకుతారు. లోకంలో దయకు కరవు లేదు. కాని ఆ దయ ఒక్కొక్కసారి తొందరపడి 'పాపం, అనాథ!' అంటుంది. ఆ ఒక్క మాట వల్ల బిడ్డకు తీరని నష్టం కలుగవచ్చు. తల్లిదండ్రులు కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు. ఈ భేదాన్ని గుర్తించడమే ఆపత్కాలంలో బాలల రక్షణకు పునాది.

ఈ సత్యాన్ని లోకానికి గట్టిగా చాటిన ఉదంతం ఆఫ్రికాలో జరిగింది. ఆ ఖండం నడుమ రువాండా అనే చిన్న దేశం ఉంది. 1994 ఏప్రిల్ నుండి జూలై వరకు అక్కడ సాగిన జాతి హననంలో సుమారు 8 లక్షల మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో అత్యధికులు టుట్సీ జాతివారు. జూలైలో ప్రభుత్వం కూలిపోతున్న వేళ, ఈసారి ప్రధానంగా హుటూ జాతివారు, లక్షలాదిగా సరిహద్దు దాటి పొరుగున ఉన్న జైరే దేశంలోని గోమా పట్టణానికి చేరారు. నాటి జైరేయే నేటి కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం. ఆ నేల అగ్నిపర్వతం నుండి పొంగిన లావా గట్టిపడి ఏర్పడిన రాతినేల. అక్కడ బావి తవ్వడమూ కష్టమే, మరుగుదొడ్డికి గొయ్యి తీయడమూ కష్టమే. మంచినీరు లేదు. కలరా, రక్త విరేచనాలు వ్యాపించాయి. ఒక్క నెలలోనే 50 వేలకు దగ్గరగా జనం మరణించారు.

ఆ గందరగోళంలో వేలకొలది పిల్లలు ఒంటరివారయ్యారు. వారికోసం సహాయ సంస్థలు ప్రత్యేక కేంద్రాలు తెరిచాయి. పాలు, ఆహారం, మందులు ఏర్పాటు చేశాయి. ఉద్దేశం మంచిదే. కాని ఎవరూ ఊహించని పరిణామం ఒకటి కలిగింది. గుడారంలో బిడ్డకు పట్టెడన్నం పెట్టలేని కొందరు తల్లులు, 'ఇక్కడైతే నా బిడ్డ బ్రతుకుతాడు' అనుకొని తమ పిల్లలను ఆ కేంద్రాలలో వదలి వెళ్ళారు. ఆశ్రయం ఇవ్వడానికి తెరచిన తలుపే తల్లీబిడ్డలను వేరు చేసింది. పైగా కిక్కిరిసిన ఆ కేంద్రాలలో రోగాలు ప్రబలి, మరణాలు చాలా ఎక్కువగా సంభవించాయి. బిడ్డను తీసుకొని పోషించడం కన్న, బిడ్డను పోషించుకొనే శక్తిని తల్లికి ఇవ్వడం మేలని గోమా నేర్పిన మొదటి పాఠం.

రెండవ పాఠం ఆశాజనకమైనది. అంతర్జాతీయ రెడ్ క్రాస్ కమిటీ, యునిసెఫ్, ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ, మరికొన్ని సంస్థలు కలిసి పిల్లల వివరాలను నమోదు చేయసాగాయి. పేరేమిటి? తండ్రి పేరేమిటి? ఏ కొండవాడవు? రువాండా కొండల దేశం కనుక అక్కడివారు తమ నివాసాన్ని కొండ పేరుతో చెప్పుకొంటారు. తన పేరు కూడ చెప్పలేని పసివారికి ఫోటోలు తీసి, శిబిరాలలో బల్లలపై అతికించారు. రేడియో కూడ తోడుపడింది. బి.బి.సి. 1994లోనే రువాండా ప్రజల భాషలో ఒక ప్రసారం ప్రారంభించింది. దాని పేరు 'గాహుజామిర్యాంగో'. అంటే 'కుటుంబాలను కలిపేది' అని అర్థం. తరువాతి సంవత్సరాలలో లక్షకు పైగా పిల్లల పేర్లు నమోదయ్యాయి. వేలకొలది పిల్లలు తల్లిదండ్రులనో, తాతలనో, మేనమామలనో చేరుకొన్నారు. ఒక కాగితంపై సక్రమంగా రాసుకొన్న నాలుగు వివరాలు ఎంత పని చేయగలవో దీనివల్ల తెలుస్తుంది.

'ఆపద నుండి పిల్లలను దూరంగా తీసుకుపోవడం తప్పా?' అని కొందరు అడుగవచ్చు. తప్పు కాదు. ప్రాణం నిలవాలంటే తరలించక తప్పని సందర్భాలు ఉంటాయి. 1967-70 నాటి నైజీరియా అంతర్యుద్ధంలో ఆకలితో అలమటిస్తున్న వేలాది పిల్లలను విమానాలలో గబాన్, ఐవరీ కోస్ట్ దేశాలకు చేర్చి చికిత్స చేయించారు. యుద్ధం ముగిసిన తరువాత వారిలో ఎక్కువమందిని స్వదేశానికి తిరిగి తీసుకువచ్చారు. తిరిగి వచ్చే దారిని మూసివేయని తరలింపు రక్షణ అవుతుంది. దారి మూసివేస్తే అది మరొక విపత్తు.

2010 జనవరి 12న హైతీ దేశంలో పెద్ద భూకంపం వచ్చింది. కొద్ది రోజులకే 10 మంది విదేశీయులు 33 మంది పిల్లలను, సరైన పత్రాలు లేకుండా సరిహద్దు దాటించబోయి పట్టుబడ్డారు. వారంతా అనాథలని మొదట చెప్పారు. విచారించగా పిల్లల తల్లిదండ్రులు బ్రతికే ఉన్నారని తేలింది. తమ బిడ్డలు చదువుకొని బాగుపడతారనే ఆశతో పేద తల్లిదండ్రులే వారిని అప్పగించారు. ఇల్లు కూలినవారి నిస్సహాయతను అంగీకారంగా భావించరాదు. మంచి మనసుతో వచ్చినవారి వెనుకనే చెడు తలంపుతో వచ్చేవారూ ఉంటారు. ఇద్దరినీ వేరు చేసి చూపేది చట్టం ఒక్కటే.

ఐక్యరాజ్య సమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో భారతదేశం 1992లో చేరింది. శరణార్థి బాలల తల్లిదండ్రులను వెదకడంలో సహకరించాలని ఆ ఒడంబడిక ప్రభుత్వాలను ఆదేశిస్తున్నది. 2004 డిసెంబరు 26న సునామీ తమిళనాడులోని నాగపట్టణం జిల్లాలో 6 వేలకు పైగా ప్రాణాలను బలిగొన్నప్పుడు, పిల్లలను దత్తత తీసుకొంటామని అనేకులు ముందుకు వచ్చారు. అయినా ప్రభుత్వం తొందరపడలేదు. బంధువుల సంరక్షణకే మొదటి స్థానం ఇచ్చింది. మన దేశంలో 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం, ఒంటరిగా దొరికిన బిడ్డ సంగతిని ఎవరైనా సరే 24 గంటలలోగా పోలీసులకో, బాలల సంక్షేమ కమిటీకో తెలుపాలి. 1098 నంబరుకు ఫోన్ చేసి కూడ చెప్పవచ్చు. తనవారి కోసం విచారణ పూర్తి కానిదే ఆ బిడ్డను దత్తత ఇవ్వరాదు. విచారణలో నిజంగా ఎవరూ లేరని తేలితే, అప్పుడు దత్తత తీసుకోవడం ఎంతో పుణ్యకార్యం. ముందు వెదుకులాట, తరువాతనే దత్తత.

చట్టం ఉన్నంత మాత్రాన చాలదు. బిడ్డ మాట అర్థం చేసుకొనేవారు కూడ ఉండాలి. ఒడిశాలోని పూరీ, గంజాం తీరాలలో తరతరాలుగా తెలుగు మాట్లాడే మత్స్యకారులు ఉన్నారు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గంజాం తీరాన్ని తాకినప్పుడు లక్షలాది జనాన్ని సురక్షిత ప్రాంతాలకు తరలించారు. అటువంటి వేళ నాలుగేళ్ళ పిల్ల దారి తప్పి, తన ఇంటి భాషలో 'మా నాయన' అని ఏడిస్తే, ఆ మాట తెలిసినవారు పక్కన లేకపోతే ఆమె ఊరు ఎలా తెలుస్తుంది? అందువల్ల సహాయ శిబిరాలలో స్థానిక భాషతోపాటు అక్కడ నివసించే ఇతర భాషలు వచ్చినవారిని కూడ నియమించాలి. అన్నదమ్ములను, అక్కచెల్లెళ్ళను విడదీయరాదు. బిడ్డ ఎక్కడ దొరికింది, ఏ రోజున దొరికింది, ఒంటిపై ఏ బట్టలు ఉన్నవి అనే వివరాలను ఆనాడే రాసి ఉంచాలి.

ఇందులో విద్యార్థులు చేయగల పని కూడ ఉన్నది. తన పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, వీధి, ఇంట్లోవారి ఫోన్ నంబరు తెలుగులోను, ఆ రాష్ట్ర భాషలోను తడుముకోకుండా చెప్పడం ఇంట్లోని చిన్న తమ్ముడికి, చెల్లెలికి ఆటగా నేర్పవచ్చు. దానికి ఖర్చు లేదు. తుపాను హెచ్చరిక వచ్చే వరకు ఆగనక్కరలేదు. ఆకలిగొన్న బిడ్డకు అన్నం పెట్టడం దయ. ఆ బిడ్డ పేరును పోనీయకుండా కాపాడి, తనవారి చెంతకు చేర్చడం న్యాయం. ఆపదలో చిక్కిన పిల్లలకు ఈ రెండూ కావాలి.