ఈగకు ప్రాణం ఎక్కడిది?

ఈ సంచికను బొమ్మలకు ఇచ్చేశాం. ఒక్క వాక్యం టైపు చేస్తే కదిలే బొమ్మను కంప్యూటరే తయారుచేసి ఇస్తున్న రోజులివి. కదిలిందల్లా బతికినట్టేనా?

2012లో వచ్చిన ‘ఈగ’నే తీసుకోండి. కథ ఊహించిన విజయేంద్రప్రసాద్ మన కొవ్వూరువారే. ఆయన కుమారుడు రాజమౌళి తీసిన ఆ సినిమాలో హీరో మొదట్లోనే చనిపోయి ఈగై పుడతాడు. ఈగ మాట్లాడదు, దాని ముఖంలో భావాలు పలకవు. విజువల్ ఎఫెక్ట్స్ సంస్థ మకుట కళాకారులు కాళ్ల కదలికలతో, తల విసురుతో దానికి కోపం తెప్పించారు. స్పెషల్ ఎఫెక్ట్స్‌కు జాతీయ అవార్డు వచ్చింది, సరే. మామూలుగా విసిరి కొట్టే పురుగు గెలవాలని హాల్లో జనం కోరుకున్నారే, మాకు అదే పెద్ద వింత.

కాకినాడ దగ్గరి మాధవపట్నం తోలుబొమ్మలాట కళాకారులకు కదలికతోనే ప్రాణం తెప్పించే ఈ కిటుకు పాతదే. తెరకు ఆనిస్తే బొమ్మ స్పష్టం, వెనక్కి లాగితే మసక. తోలుకు కీళ్లు కట్టి, పుల్ల పట్టి ఆడించడం వరకే వాళ్ల పని. మిగిలిన ప్రాణం చూసేవాళ్లే పోయాలి. ఆ మిగిలింది ఎంత అన్న దగ్గర మా కార్యాలయంలో వాదన ఇంకా తెగలేదు.

ఈ సంచిక రచయితలు కొందరు దాన్ని వేదాంతం వైపు లాగారు, కొందరు సాఫ్ట్‌వేర్ వైపు. మేం ఎవరినీ ఆపలేదు.