మార్పు ఒకరిది, ముప్పు మరొకరిది

1997 అక్టోబరు 12న కాలిఫోర్నియాలోని మాంటెరీ బేలో ఓ చిన్న విమానం కూలి అమెరికా గాయకుడు జాన్ డెన్వర్ మరణించాడు. బర్ట్ రూటాన్ రూపొందించిన లాంగ్-ఈజెడ్ నమూనాతో ఓ ఔత్సాహికుడు సొంతంగా కట్టుకున్న విమానమది. డెన్వర్ దాన్ని అప్పుడే కొన్నాడు.

నమూనా ప్రకారం ఇంధన ట్యాంకు మార్చే వాల్వు పైలట్ కాళ్ల మధ్య ఉండాలి. కట్టిన వ్యక్తి దాన్ని ఎడమ భుజం వెనక్కి మార్చాడు. దాన్ని తిప్పాలంటే కంట్రోల్ స్టిక్ వదిలేసి, ఒళ్లు వెనక్కి తిప్పి, కుడిచేత్తో అందుకోవాలి. అలా తిరిగేటప్పుడు తెలియకుండానే కుడికాలు రడ్డర్ పెడల్‌ను తొక్కేస్తుంది. వాల్వు ఎటు తిప్పితే ఏ ట్యాంకో చెప్పే గుర్తులు కూడా లేవు. ఇంధనం నింపుకోకుండా బయల్దేరిన డెన్వర్ పొరపాటుతో పాటు ఈ మార్పునూ, చాలీచాలని శిక్షణనూ అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ దర్యాప్తు వేలెత్తి చూపింది.

అమెరికాలో విమానంలో సగానికి పైగా పని అభిరుచితోనో, నేర్చుకోవడానికో ఔత్సాహికులే చేస్తే దానికి 'ఎక్స్‌పెరిమెంటల్' ధ్రువపత్రం వస్తుంది. ఫ్యాక్టరీ విమానంలో పెద్ద మార్పు చేయాలంటే ముందు డిజైన్‌కు ఆమోదం తెచ్చుకోవాలి. సొంత విమానానికి ఆ బాదరబందీ లేదు. బరువు, సమతూకం, దృఢత్వం, నడిచే తీరుపై ప్రభావం చూపే పెద్ద మార్పు చేస్తే అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏకు తెలిపి, నిర్ణీత ప్రాంతంలో కనీసం 5 గంటలు పరీక్షగా ఎగిరి, లాగ్‌బుక్‌లో రాస్తే చాలు.

ఈ స్వేచ్ఛ ఉండి తీరాలి. 1986లో ఎక్కడా ఆగకుండా, ఇంధనం నింపుకోకుండా భూగోళాన్ని చుట్టివచ్చిన రూటాన్ విమానం వాయేజర్ ఇలాంటి ప్రయోగశీలత ఫలమే.

లోపం మరోచోట ఉంది. ఆ 5 గంటలూ ఎగిరేది సాధారణంగా మార్పు చేసిన యజమానే. ఏ వాల్వు ఎక్కడుందో ఆయనకు కంఠతా. విమానం గాల్లో నిలుస్తుందని ఆ పరీక్ష రుజువు చేస్తుంది గానీ, కొత్త పైలట్ చేతికి వాల్వు అందుతుందో లేదో తేల్చదు. విమానం అమ్ముడైతే ధ్రువపత్రమూ దానితోపాటే చేతులు మారుతుంది. కొన్నవారు ఆ విమానంపైనే శిక్షణ పొందాలన్న సాధారణ నిబంధన లేదు.

పరిష్కారానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. నమూనా నుంచి ఎక్కడెక్కడ పక్కకు జరిగారో ఒక పత్రంలో రాసి విమానం కాగితాలకు జతచేయాలి. కొన్నవారు దాన్ని చదివి సంతకం పెట్టాకే రిజిస్ట్రేషన్ బదిలీ చేయాలి. ఆ విమానం తెలిసిన శిక్షకుడితో ఎగిరాకే ఒంటరిగా ఎగరనివ్వాలి.

మన దేశంలో అమోల్ యాదవ్ ముంబైలో మేడపై కట్టిన విమానానికి 2017లో రిజిస్ట్రేషన్, 2019లో ఎగిరే అనుమతి లభించాయి. ఆయన బాటలో మరికొందరు వస్తారు. వారికి స్వేచ్ఛనిచ్చే నిబంధనల్లోనే, రేపు ఆ విమానం కొనేవారి ప్రాణాలకూ మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రక్షణ కల్పించాలి.