ఉపగ్రహ పరిభాషకు తార్నాకలో ఉమ్మడి పీఠము కావలెను

తార్నాక విద్యాధికులకును, విశ్వవిద్యాలయాధికారులకును విన్నపము.

జర్మన్ భాషను ఉన్నతస్థాయిలో బోధించు ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమును, ఖగోళశాస్త్రమును భూభౌతికశాస్త్రమును చెప్పు ఉస్మానియాయును, హబ్సిగూడ దారిలో 1961లో వెలసిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థయు ఇరుగుపొరుగున నున్న ఈ పేటలో, ఉపగ్రహవిషయకములైన జర్మన్ సాంకేతికపదములకు ఆంగ్లమున సరియైన మాటలను నిర్ణయించుటకై భాషావేత్తలును శాస్త్రజ్ఞులును కలిసి కూర్చుండు శాశ్వతపీఠ మొకటి నెలకొనవలెనని మా వాదము.

ఈ అక్కర మేము కల్పించినది కాదు. 1996 మార్చి 21న శ్రీహరికోటనుండి పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు మోసికొనిపోయిన ఐ.ఆర్.ఎస్.-పి3 ఉపగ్రహములో, సముద్రజలముల వర్ణమును పరిశీలించిన మాస్ అను పరికరము జర్మన్ అంతరిక్షసంస్థ డి.ఎల్.ఆర్. నిర్మించినది. ఆ సంస్థవారి టబ్‌శాట్ 1999లోను, కార్చిచ్చులను కనిపెట్టు బర్డ్ 2001లోను మన రాకెట్లమీదనే కక్ష్యకు చేరినవి. నాసాయు జర్మనులును కలిసి 2002లో పంపిన గ్రేస్ జంట ఉపగ్రహముల కొలతల నాధారముగా గొని, ఉత్తరభారతమున భూగర్భజలము తరిగిపోవుచున్న తీరును హబ్సిగూడ శాస్త్రజ్ఞుడు అమెరికా సహచరులతో గూడి 2009లో ప్రకటించెను.

ఇక చిక్కు ఎచ్చట నున్నదో చూడుడు. ‘లాగెరేగెలుంగ్’ అను పదమును జర్మన్ మాత్రమే చదివిన విద్యార్థి నిఘంటువు చూచి ‘పొజిషన్ కంట్రోల్’ అని వ్రాయును. ‘లాగె’ యనగా స్థానమే కదా! కాని ఉపగ్రహశాస్త్రమున నది ఉపగ్రహము ఏ దిక్కునకు మొగమై యున్నదను విషయము, ఆంగ్లమున ‘ఆటిట్యూడ్’. మొగము త్రిప్పుటకు లోపలి చక్రములు తిరిగిన చాలును. కక్ష్యలోని చోటు మార్చుటకు ఇంధనము మండింపవలెను. ఆ పదమున రెండవ భాగమైన ‘రేగెలుంగ్’ మరింత మోసకారి. జర్మన్ ఇంజనీర్లు ‘ష్టోయెరుంగ్’, ‘రేగెలుంగ్’ అని రెండుగా వేరుచేసిన దానిని ఆంగ్లము ‘కంట్రోల్’ అను ఒక్క మాటతో సరిపుచ్చును. ఫ్యాను రెగ్యులేటరు త్రిప్పిన వేగము మారును గాని గది చల్లబడినదో లేదో దానికి పట్టదు, అది మొదటిది. ఇస్త్రీపెట్టె తన వేడిని తానే కనిపెట్టి ఆరుచు వెలుగుచు నుండును, అది రెండవది. ఈ భేదము భౌతికశాస్త్ర విద్యార్థికి తెలియును, జర్మన్ వాక్యము తెలియదు. వాక్యము తెలిసినవానికి భేదము తెలియదు.

జర్మనులిప్పుడు ఆంగ్లముననే వ్రాయుచున్నారు గదా యని కొంద రనవచ్చును. నేటి పరిశోధనపత్రముల మట్టుకు చాలవరకు నిజమే. కాని తొలినాటి మూలగ్రంథములు, పాత నివేదికలు, విద్యార్థుల సిద్ధాంతవ్యాసములు అట్లు కావు. గ్రహాంతరప్రయాణమునకు స్వల్పేంధనమార్గమును వాల్టర్ హోమన్ 1925లో చూపగా, ఆ గ్రంథమునకు నాసా అనువాదము 1960లో గాని రాలేదు. మన మంగళయానము సాగినది ఆ త్రోవనే. భూస్థిరకక్ష్యలో మానవనివాసమును ఊహించిన నూర్డుంగ్ గ్రంథము 1929 నాటిది. నాసా దానిని ఆంగ్లమున ప్రకటించుటకు 1995 వచ్చెను. ఇక యంత్రానువాదమందురా, అది వాడుకలో హెచ్చుగా నున్న అర్థమును ఎత్తి పెట్టును. తప్పిన పూచీ ఎవరిదనినచో మారుపలుకదు.

మా కోరిక పెద్దది కాదు. ఉస్మానియాలో తరగతులు ఆరంభము కాకమునుపే, 1917లో, హైదరాబాదున దారుల్ తర్జుమా అను అనువాదశాఖను నెలకొల్పి, శాస్త్రజ్ఞులను భాషాపండితులను ఒక్క సంఘమున కూర్చుండబెట్టి ఉర్దూలో పరిభాషను నిర్ణయింపజేసిన సంప్రదాయము ఈ నగరమునకు కలదు. అట్లే ఇప్పుడు జర్మన్ ఎం.ఏ. విద్యార్థియు భౌతికశాస్త్ర విద్యార్థియు జంటగా ఒక పాఠ్యాంశమును చేయవలెను. అందు నిర్ణయించు ప్రతిపదమునకు నిర్వచనము, ప్రయోగవాక్యము, ఇరువురి సంతకములు నుండవలెను. బాలానగరు దూరసంవేదన కేంద్రమునుండి ఒక అనుభవజ్ఞుడు తుదిపరిశీలన చేయవలెను. తెలుగు మాటల కొక వరుస ఆదినుండియే ఖాళీగా నుంచిన మరియు మేలు.

ఈ విన్నపము రెండు విశ్వవిద్యాలయముల విద్యామండలులకు అందజేయబడును. సంతకము చేయువారు తమను చిక్కుపెట్టిన జర్మన్ పదము నొకదానిని, అది తగిలిన వాక్యముతో సహా, క్రింద వ్రాసి యిచ్చినయెడల మొదటి సమావేశమునకు పని సిద్ధముగా నుండును.