మనం కింద కొంటుంటే పైన కొంటున్నదెవరు?

జీతాలు పడిన వారంలో స్కూలు కాంప్లెక్స్ సమావేశం ఉంటే చాలు, భోజనాల వేళకి ఒక తెల్ల కారు వచ్చి ఆగుతుంది. దిగినాయన చేతిలో రంగు కాగితాలు. ఎస్.కోట దగ్గర లేఔటు, వెడల్పు రోడ్లు, వరసగా కొబ్బరి మొక్కలు, ముందు ఒక ఆర్చి. "మాస్టారూ, ఇటు వైజాగ్ గంట, అటు అరకు గంటన్నర. భోగాపురం విమానాశ్రయం వల్ల గజం రేటు మళ్లీ మీకు అందదు. బ్యాంకు లోను సంగతి మాకొదిలేయండి" అంటాడు. అందరం కాగితం తీసుకుంటాం. మాలో కొందరం అడ్వాన్సు కూడా ఇచ్చాం. ఆ కొందరిలో మేము లేమని చెప్పుకోం.

కిందికి ఎందుకు దిగుతున్నామంటే కారణాలు చెప్పగలం, అవి అబద్ధాలూ కావు. పిల్లకి ఇంటర్ తర్వాత మంచి కాలేజీ ఇక్కడ లేదు. అమ్మకి గుండె నొప్పి వస్తే ఘాట్ రోడ్డు దిగేలోగా ఏమవుతుందో తెలియదు. వానాకాలం కొండచరియ పడితే బస్సు రాదు. డోలీలో మనిషిని మోసిన భుజం ఉన్నవాడికి ఆసుపత్రి పక్కన ఇల్లుండాలనిపించడం తప్పెలా అవుతుంది? పిల్లల చదువుకీ ముసలివాళ్ల వైద్యానికీ ఇల్లు కొన్నవాళ్లని ఇక్కడ నిలదీయడం లేదు. వాళ్లని అడుగుతున్నది ఒక్కటే. కింద ఇల్లు కొన్నాక పైనున్న భూమిని ఏం చేశారు?

ముందు మా ఉద్యోగాల సంగతి చెప్పుకోవాలి. 2000 జనవరిలో వచ్చిన జీవో 3 ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలోని బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే. మా వయసు వాళ్లలో చాలామందికి డైట్ సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజుల్లో ఆ జీవో ఉంది. స్థానికులమని కాగితం చూపించాం, ఊరు చూపించాం, తాతల ఊరు చూపించాం. పిల్లల భాష తెలిసినవాళ్లు, ఊళ్లోనే ఉండేవాళ్లు బడిలో ఉండాలన్నది ఆ జీవో వెనక ఉన్న మాట. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు మనమే రోడ్డెక్కాం. అప్పటికే మాలో కొందరు ఎస్.కోట నుంచి పొద్దున్న బండెక్కి, తొమ్మిదిన్నర దాటాక బడికి చేరి, నాలుగు కొట్టకముందే గడియారం చూసుకుంటున్నారు. స్థానికుడు స్థానికంగా ఉండకపోతే ఆ పోస్టు మాకే ఎందుకివ్వాలని రేపు ఎవరైనా అడిగితే మా దగ్గర జవాబు లేదు.

ఇక పైన ఏం జరుగుతోందో చూడండి. వలిసె పూలు పూసే కాలంలో ఫొటోలకి జనం ఆగే పొలాల పక్కనే గుడారాలు, చెక్క గదులు, రిసార్టులు లేస్తున్నాయి. పట్టా మనవాళ్ల పేరునే ఉంటుంది. డబ్బు వేరేవాళ్లది. మాకు తెలిసిన ఒక ఊళ్లో పట్టాదారయిన అవ్వ ఆ పట్టా భూమిలో కట్టిన గదులే ఊడుస్తూ నెలకూలి తీసుకుంటోంది. ఆమె వేలిముద్ర ఎప్పుడు పడిందో, ఎన్నేళ్లకి పడిందో ఆమెకి తెలియదు. కాగితం చదివి చెప్పాల్సిన కొడుకు టీచరే. అతను కింద ఉంటున్నాడు.

కుర్రాళ్లు మాతో వాదిస్తారు. "అమ్మలేదు మాస్టారూ, లీజుకే ఇచ్చాం" అని. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు తీసి చదవండి. బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదని అందులోనే ఉంది. తాకట్టు, లీజు, దానం, మార్పిడి, భూమి మీద చేసుకునే మరే ఒప్పందమైనా బదలాయింపే. 1997 జూలై 11న సమతా కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. మన అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద నడిచిన కేసు అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా తన భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వకూడదని చెప్పింది. ప్రభుత్వం ఇచ్చిన గని లీజే చెల్లనప్పుడు మన మేనమామ ఇచ్చిన రిసార్టు లీజు ఎలా చెల్లుతుంది?

ఇంకో వాదన ఉంది, మమ్మల్ని ఎక్కువ బాధపెట్టేది అదే. మన చదువుకున్న పిల్లలే అంటున్నారు: "1/70 ఉండబట్టే అరకులో మన భూమికి రేటు లేదు, బ్యాంకు అప్పివ్వదు, అందుకే ఎస్.కోట పోతున్నాం. ఆ చట్టం తీసేస్తే మనమే బాగుపడతాం."

రేటు సంగతి ముందు. చట్టం ఎత్తేసిన మర్నాడు భూమికి రేటొస్తుంది, నిజమే. అమ్ముకున్నవాడికి ఒకసారి వస్తుంది. తర్వాత అదే ఊళ్లో ఇంటిస్థలం కొనాలంటే అదే రేటు అతనూ కట్టాలి. 1917లోనే తెల్లదొరల ప్రభుత్వం గంజాం, విశాఖ ఏజెన్సీలలో భూమి చేతులు మారకుండా చట్టం చేసిందంటే అప్పటికే షావుకార్ల అప్పుకింద ఎంత భూమి పోయిందో ఊహించుకోండి. దాని కంతలన్నీ చూశాకే 1959 నిబంధనలు, 1970 ఫిబ్రవరి 3 నుంచి 1/70 సవరణ వచ్చాయి. అప్పటి నుంచి గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మడం కూడా చెల్లదు. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది ఆదివాసి నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. 1988లో సుప్రీంకోర్టు ఈ సవరణను సమర్థించింది. ఇంత గట్టి కంచె మన కోసం దేశంలో మరెక్కడుంది?

అప్పు సంగతి ఇంకా తేలిక. 1971లోనే సవరణ చేసి, ప్రభుత్వం ఆమోదించిన బ్యాంకులకీ సహకార సంస్థలకీ ఆదివాసి తన భూమిని స్వాధీనం వదలకుండా తాకట్టు పెట్టుకోవచ్చన్నారు. బాకీ తీరకపోతే వేలంలో కొనాల్సింది మాత్రం ఆదివాసే, లేదా ఆదివాసుల సంఘమే. అంటే దారి చట్టంలోనే ఉంది. మేము ఒక బ్యాంకుకి వెళ్లి ఊళ్లో ఇల్లు కట్టుకోవడానికి అప్పడిగాం. "ఏజెన్సీ ఆస్తి మాకు పనికిరాదండి" అన్నారు. అదే కౌంటర్లో జీతం స్లిప్పు చూసి కారుకి లోను ఇస్తామన్నారు! అరిగిపోయే కారుకి పూచీగా నిలబడ్డ జీతం, నిలిచుండే ఇంటికి ఎందుకు నిలబడదో అడిగితే మేనేజరు నవ్వి ఊరుకున్నాడు. అడ్డం చట్టం కాదు. బ్యాంకుకి ఇష్టం లేదు, అడగాల్సిన ప్రభుత్వం అడగదు, మనమూ అడగం. ఇక్కడ మన తప్పు కూడా ఒకటుంది. తాత పేరున ఉన్న పాస్‌బుక్ ముగ్గురు కొడుకుల పేరు మీదకి మార్చుకోకుండా ఏళ్లు గడిపేశాం. కాగితం లేనివాడితో బ్యాంకు మాట్లాడదు.

కింద కొన్న ఇంటి లెక్క కూడా వేసి చూడండి. 30 లక్షల అప్పు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఇరవై ఏళ్లు. నెలకి సుమారు 26 వేలు. తిరిగి కట్టేది మొత్తం 62 లక్షలు దాటుతుంది. రిటైరయ్యేదాకా జీతంలో సగమో మూడో వంతో ఆ ఆర్చి లోపలికి పోతుంది. పక్కింటివాళ్లు మొదటి వారంలోనే "మీరేమిట్లు?" అని అడుగుతారు. పిల్లలు ఆ ప్రశ్నకి జవాబు దాచడం నేర్చుకుంటారు. ఇంట్లో మన భాష మాట్లాడితే "గట్టిగా మాట్లాడకండి" అని తల్లిదండ్రులకే చెబుతారు. ఇటుకల పండక్కి ఊరొస్తే బంధువుల్లా వచ్చి బంధువుల్లా పోతారు.

2025 ఫిబ్రవరిలో 1/70 సవరించాలన్న మాట వినబడగానే ఏజెన్సీ బంద్ అయింది. సంతలు లేవు, బస్సులు లేవు. చట్టాన్ని తీసెయ్యబోమని ముఖ్యమంత్రి చెప్పాల్సి వచ్చింది. రోడ్డు మీద కూర్చున్నవాళ్లు కాఫీ తోటల్లో పనిచేసేవాళ్లు, చోళ్లు పండించేవాళ్లు. మాలో చాలామందిమి ఆ బంద్‌ని కింది ఇళ్లలో కూర్చుని ఫోనులో చూశాం.

కాబట్టి తోటి ఉపాధ్యాయులకి మా మాట ఇది. మీ పేరు ఎవరికీ అప్పివ్వకండి. బినామీకి పేరిచ్చిన టీచరు ఏ ముఖంతో పిల్లలకి అల్లూరి పాఠం చెబుతాడు? మీ ఊళ్లో ఏ లీజు కాగితం రాసినా గ్రామసభలో గట్టిగా చదివి వినిపించండి, అది మన చదువుకి కనీసపు పని. కింద ఇల్లు కొన్నారా, సరే. పైనున్న భూమిని తమ్ముడికి సాగుకివ్వండి, రిసార్టు వాడికి కాదు.

ఇళ్ల అప్పు విషయం మేము వదల్లేదు. ఏజెన్సీ ఆస్తి మీద అప్పివ్వమన్న మాట కాగితం మీద రాసివ్వమని ఆ మేనేజరుని అడిగాం. ఇంకా ఇవ్వలేదు. వేసవి సెలవులకి ముందే మళ్లీ వెళ్తున్నాం, అక్కడ నుంచి ఐటీడీఏకి. ఊళ్లో ఇల్లు కట్టుకోవాలనుకునేవాళ్లు పాస్‌బుక్ నకలు, జీతం స్లిప్పు, దరఖాస్తు పట్టుకుని మాతో రండి. పాస్‌బుక్ ఇంకా తాత పేరునే ఉంటే ముందు తహసీల్దారు ఆఫీసుకి పోదాం.