మన సైనికుల సీటు కింద మందుగుండు

టీ-72 ట్యాంకు టరెట్‌లో ఇద్దరు కూర్చుంటారు. ఒకరు కమాండర్, మరొకరు గన్నర్. ఇద్దరి మధ్యా ఫిరంగి వెనుక భాగం అడ్డంగా ఉంటుంది. మోచేయి చాపుకొనే జాగా కూడా ఉండదు. వాళ్ల కాళ్ల కింద, ట్యాంకు అడుగున గుండ్రంగా తిరిగే పళ్లెం ఒకటి ఉంటుంది. అందులో 22 గుండ్లు పేర్చి ఉంటాయి. ప్రతి అరలో కింద గుండు, దాని పైన ఆ గుండును తోసే మందు. గన్నర్ మీట నొక్కగానే పళ్లెం తిరిగి, కావలసిన గుండును పైకి అందిస్తుంది. మందు నింపిన గొట్టం కూడా కాలిపోయే పదార్థంతో చేసిందే. పళ్లెంలో పట్టని గుండ్లను సీట్ల వెనుక, గోడల వెంట, డ్రైవర్ పక్కన, ఖాళీ ఉన్న ప్రతిచోటా సర్దుతారు. శత్రువు క్షిపణి కవచాన్ని తొలుచుకొని లోపలికి వచ్చిందంటే ఆ మందు అంటుకోవడానికి రెప్పపాటు చాలు. ఆ పేలుడు ఒత్తిడికి టన్నుల బరువున్న టరెట్ ఊడి గాలిలోకి లేస్తుంది. లోపలున్న ముగ్గురికీ మూత తెరిచే వ్యవధి ఉండదు.

2022 ఫిబ్రవరి తర్వాత ఉక్రెయిన్ రోడ్ల పక్కన ఒకచోట టరెట్, మరోచోట మొండెం పడి ఉన్న రష్యా ట్యాంకుల ఫొటోలను ప్రపంచమంతా చూసింది. ఫొటోలతో రుజువైన నష్టాలే 3 వేలు దాటాయి. అవి పరాయి దేశపు ట్యాంకులని మనం పేజీ తిప్పేయడానికి లేదు. భారత సైన్యంలో టీ-72లు సుమారు 2,400 ఉన్నాయి. వాటి తర్వాత వచ్చిన టీ-90 భీష్మలు వెయ్యికి పైనే. భీష్మలోనూ అదే పళ్లెం, అవే 22 గుండ్లు, చుట్టూ సర్దిన మిగతా గుండ్లు. మన సాయుధ దళాల వెన్నెముక అని చెప్పుకొనే ట్యాంకుల్లో అత్యధిక భాగం సిబ్బందిని మందుగుండు మీద కూర్చోబెట్టినవే. అందరికీ తెలిసిన ఈ సంగతిని సరిదిద్దవలసిన అంశంగా ఏ ప్రభుత్వమూ తలకెత్తుకోలేదు. మా అభియోగం అదే.

ఆ డిజైన్ గీసినవాళ్లు బుద్ధి లేక అలా గీయలేదు. సోవియట్ ఇంజినీర్లకు వాళ్ల లెక్క ఉంది. ట్యాంకు లోపలి జాగా పెరిగేకొద్దీ దాన్ని కప్పే ఉక్కు పెరుగుతుంది, ఉక్కుతో బరువు, బరువుతో ఇంజిన్, ఇంజిన్‌తో మళ్లీ జాగా పెరుగుతాయి. గుండ్లు నింపే నాలుగో మనిషిని తీసేసి ఆ పని యంత్రానికి అప్పగిస్తే ట్యాంకు పొట్టిదవుతుంది, శత్రువు కంటికి తక్కువ ఆనుతుంది, 41 టన్నుల్లో ముగుస్తుంది. వంతెనలు మోస్తాయి, రైలు వ్యాగన్లు మోస్తాయి, వేల సంఖ్యలో తయారు చేయొచ్చు. ఐరోపా మైదానాల మీదుగా వేల ట్యాంకులతో దూసుకెళ్లాలనీ, దారిలో పోయినవాటి స్థానంలో కొత్తవి వస్తూనే ఉండాలనీ వాళ్ల యుద్ధ ప్రణాళిక. ఆ ప్రణాళికలో ట్యాంకుతో పాటు దానిలోని ముగ్గురు మనుషులు కూడా ఖర్చు కిందే లెక్క. ఆ ట్యాంకును కొన్న రోజున ఆ లెక్కను కూడా మనం కొనుక్కున్నాం.

మరోలా ఆలోచించిన దేశాలు లేకపోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా షెర్మన్ ట్యాంకులు దెబ్బ తగిలితే చాలు భగ్గున మండిపోతున్నాయని పేరుపడ్డాయి. పెట్రోలు ఇంజినే కారణమని అందరూ నమ్మారు. కాలిన ట్యాంకులను పరిశీలించాక, తగలబడుతున్నది పెట్రోలు కాదు, పక్క గోడల్లో ఎత్తున పేర్చిన గుండ్లలోని మందు అని తేలింది. 1944లో ఆ గుండ్లను ట్యాంకు అడుగుకు దించి, చుట్టూ నీళ్లు నింపిన తొడుగులు పెట్టారు. పాత అమరికలో దెబ్బతిన్న షెర్మన్లలో 60 నుంచి 80 శాతం కాలిపోగా, కొత్త అమరికలో ఆ వాటా 10 నుంచి 15 శాతానికి పడిపోయింది. నిజానికి నీళ్ల కన్నా గుండ్లను దెబ్బ తగిలే ఎత్తు నుంచి కిందికి దించడమే ఎక్కువ మేలు చేసిందని తర్వాత అర్థమైంది. భీకర యుద్ధం నడుస్తుండగా, ఫ్యాక్టరీల్లో ఉత్పత్తి ఆపకుండా చేసిన మార్పు ఇది. ఎనభై ఏళ్ల కిందటి మాట.

ఆ పాఠాన్ని అమెరికా అబ్రామ్స్ ట్యాంకులో చివరి దాకా తీసుకెళ్లింది. అందులో గుండ్లు దాదాపు అన్నీ టరెట్ వెనుక గదిలో ఉంటాయి. ఆ గదికీ సిబ్బందికీ మధ్య మందపాటి ఉక్కు తలుపు. గుండ్లు నింపే లోడర్ మోకాలితో మీట నొక్కితే తలుపు పక్కకు జరుగుతుంది. గుండు లాగి, తిరిగి ఫిరంగిలో పెట్టేలోగా మూసుకుంటుంది. ఆ గది పైకప్పును కావాలనే బలహీనంగా చేశారు. గుండ్లు పేలితే మంట ఆ కప్పును ఎగరగొట్టుకొని ఆకాశంలోకి పోతుంది. ట్యాంకు పనికిరాకుండా పోవచ్చు. తలుపు మూసి ఉంటే మనుషులు దిగి నడిచి వస్తారు. ఇజ్రాయెల్ దేశపు జనరల్ ఇజ్రాయెల్ తాల్ రూపకల్పన చేయించిన మెర్కావాలో ఇంజిన్‌ను ముందుకు తెచ్చారు. ఎదురుగా వచ్చిన గుండు మనిషిని చేరాలంటే ముందు ఇంజిన్‌ను దాటాలి. వెనక తలుపు ఉంది, శత్రువుకు కనపడకుండా దిగిపోవచ్చు. బదులుగా వాళ్లు బరువును ఒప్పుకున్నారు. 60 టన్నులు దాటిన ట్యాంకును చిన్న దేశంలో సరిహద్దు దాకా తీసుకెళ్లడం వాళ్లకు సమస్య కాదు. ట్యాంకుల కర్మాగారమున్న ఆవడి నుంచి పంజాబ్ దాకా రైలెక్కించాల్సిన మనకు అది సమస్యే. దాన్ని కాదనడం లేదు.

సగం జాగ్రత్త ఎంత ప్రమాదమో జర్మనీ లెపర్డ్-2 చూపించింది. అందులో 15 గుండ్లకు వెనుక విడిగా గది కట్టారు. మిగిలిన 27 గుండ్లను డ్రైవర్ పక్కన ఏ అడ్డూ లేకుండా ఉంచారు. 2016 డిసెంబరులో సిరియాలోని అల్‌బాబ్ దగ్గర టర్కీ సైన్యం ఈ ట్యాంకులను పోగొట్టుకుంది. పక్క నుంచి తగిలిన క్షిపణులకు కొన్నింటి టరెట్లు టీ-72ల మాదిరే ఊడిపోయాయి. జర్మన్ ఇంజినీరింగ్ అన్న పేరు ఆ 27 గుండ్లను ఆపలేకపోయింది.

ఇక మన సంగతి. 2001లో 310 టీ-90లకు 3,625 కోట్ల రూపాయలతో ఒప్పందం కుదిరింది. రష్యా తన ట్యాంకులకు బిగించుకునే ష్తోరా రక్షణ వ్యవస్థను మనం కొన్న వాటికి తీసుకోలేదు. ఏసీ లేదు. రాజస్థాన్ ఎండలో లోపలి వేడి 50 డిగ్రీలు దాటుతుంటే థర్మల్ సైట్లు మొరాయించాయి. అదే వేడిలో మనుషులు గంటల తరబడి కూర్చున్నారు. 2019లో మరో 464 భీష్మలకు ఆవడి భారీ వాహనాల కర్మాగారానికి 19 వేల కోట్లకు పైగా విలువైన ఆర్డర్ ఇచ్చారు. 2025 మార్చిలో టీ-72ల కోసం 24.8 కోట్ల డాలర్లతో కొత్త ఇంజిన్లకు సంతకం చేశారు. 780 హార్స్‌పవర్ స్థానంలో 1,000 వస్తుంది. ట్యాంకు ఇంకా వేగంగా పరుగెడుతుంది. గన్నర్ కాళ్ల కింద పళ్లెం మాత్రం యథాస్థానంలో ఉంటుంది. కదలికకు, కాల్పుల శక్తికి ప్రతిసారీ డబ్బు దొరికింది. సిబ్బంది రక్షణ ప్రతిసారీ తర్వాత చూద్దామన్న ఖాతాలోకి పోయింది.

రష్యాయే తన పద్ధతిలో కొంత మార్చుకుంది. టీ-90ఎమ్‌లో పళ్లెంలో పట్టని గుండ్లలో కొన్నింటిని టరెట్ వెనుక, బయట బిగించిన పెట్టెలోకి మార్చింది. చెచెన్యా యుద్ధంలో గ్రోజ్నీ వీధుల్లో ట్యాంకులు కాలిపోయాక, చుట్టూ సర్దిన గుండ్లే పళ్లెం కన్నా ముందు అంటుకుంటాయని వాళ్లకు తెలిసొచ్చింది. అమ్మినవాడు దిద్దుకున్న తప్పును కొన్నవాడు మోసుకు తిరగడం ఏ సైనిక శాస్త్రం?

మన చేతిలో వేరే దారి లేకపోతే ఇంత నిలదీయనక్కర్లేదు. దారి ఉంది, అందులో మన హైదరాబాద్ చెయ్యి కూడా ఉంది. మనం సొంతంగా కట్టుకున్న అర్జున్ ట్యాంకును కాపాడే కాంచన్ కవచం పుట్టింది కంచన్‌బాగ్‌లోని లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్‌లో. కవచానికి ఆ పేరు కూడా ఆ ఊరి నుంచే వచ్చింది. అదే కంచన్‌బాగ్‌లోని భారత్ డైనమిక్స్ ట్యాంకులను ఛేదించే క్షిపణులు తయారు చేస్తుంది. కవచాన్ని చేసేవాళ్లూ, కవచాన్ని తొలిచేదాన్ని చేసేవాళ్లూ ఒకే నగరంలో ఉన్నారు. క్షిపణి దెబ్బ ఎలాంటిదో, దాన్ని ఆపడానికి ఏం కావాలో ఈ దేశంలో వాళ్ల కన్నా బాగా తెలిసినవాళ్లు లేరు.

అర్జున్ ప్రాజెక్టుకు 1974లో అనుమతి వచ్చింది. మొదటి 124 ట్యాంకుల ఆర్డర్ రావడానికి 2000 దాకా పట్టింది. ఆలస్యానికి డీఆర్‌డీఓ బాధ్యత ఉంది, మధ్యలో అవసరాలు మార్చుతూ పోయిన సైన్యం బాధ్యతా ఉంది. ఇప్పటి మార్క్-1ఏ బరువు 68 టన్నులు. పంజాబ్ కాల్వల మీద వంతెనలు దాన్ని మోయవన్న అభ్యంతరంలో నిజముంది. ఇంజిన్ కోసం జర్మనీ వైపు చూడాల్సి రావడం కూడా నిజమే. అర్జున్‌ను కళ్లు మూసుకొని మెచ్చుకోమని మేం చెప్పడం లేదు. కానీ నలుగురు మనుషులు ఊపిరి పీల్చుకునే జాగాతో, గుండ్లను మూతలున్న అరల్లో విడిగా ఉంచే ఆలోచనతో కట్టిన ట్యాంకు మనకు ఒక్కటే ఉంది. 2010లో ఎడారిలో దాన్ని టీ-90తో పోటీకి నిలబెట్టి పరీక్షించారు. ఆ తర్వాత మరో 124 ట్యాంకులకు దారి తెరుచుకుంది. 2021లో మార్క్-1ఏలు 118 కావాలని 7,523 కోట్లతో ఆర్డర్ ఇచ్చారు. వేలల్లో ఉన్న టీ-72, టీ-90ల పక్కన ఈ వందలెంత? బరువు తగ్గించే పరిశోధనకు పెట్టాల్సిన శ్రద్ధను, బరువును సాకుగా చూపి తిరస్కరించడానికి పెట్టారు.

2022 అక్టోబరు 6న ఝాన్సీ దగ్గర బబీనా ఫైరింగ్ రేంజిలో టీ-90 ఫిరంగి గొట్టం పేలింది. టరెట్‌లో ఉన్న కమాండర్, గన్నర్ చనిపోయారు. డ్రైవర్ బతికాడు. 2024 జూన్ 28 రాత్రి తూర్పు లద్దాఖ్‌లో శ్యోక్ నది ఒక్కసారిగా ఉప్పొంగి టీ-72లో ఉన్న ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు. ఈ రెండు ప్రమాదాలకూ గుండ్ల అమరికకూ ముడిపెట్టడం తప్పు. ఒకటి గొట్టం పేలుడు, రెండోది నది వరద. కానీ శాంతికాలంలోనే ట్యాంకు తన సొంత సిబ్బందికి ఎంత ప్రమాదకరమో ఇవి చెబుతున్నాయి. ఆ విచారణల్లో తేలిన సాంకేతిక కారణాలను, రహస్యాలు మినహాయించి అయినా, దేశం ముందు పెట్టాలి. ప్రకాశం, బాపట్ల, కృష్ణా జిల్లాల ఇళ్లకు జెండా కప్పిన పెట్టెలు పంపి ఊరుకుంటే బాధ్యత తీరిపోదు.

హైదరాబాద్ లాన్సర్స్‌లో పనిచేసి పూనా హార్స్‌కు వెళ్లిన లెఫ్టినెంట్ కల్నల్ తారాపోర్ 1965లో, అదే రెజిమెంట్‌కు చెందిన ఇరవై ఒక్కేళ్ల అరుణ్ ఖేతర్‌పాల్ 1971లో బసంతర్ దగ్గర ట్యాంకుల పోరులో ప్రాణాలిచ్చి పరమవీర చక్ర పొందారు. అంటుకున్న ట్యాంకులోంచి దిగిపొమ్మన్నా ఖేతర్‌పాల్ దిగలేదు. అలాంటి గుండె ఉన్నవాళ్లు మన సైన్యంలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల ధైర్యాన్ని డిజైన్ లోపానికి పూడికగా వాడుకోవడం పాలకుల నేరం. కొత్త ట్యాంకు నెలల్లో వస్తుంది. ఆ ట్యాంకును చీకట్లో, దుమ్ములో, దెబ్బల మధ్య నడపగల సిబ్బంది తయారవడానికి ఏళ్లు పడుతుంది. యుద్ధ అవసరాల దృష్టితో చూసినా సిబ్బందిని కాపాడుకోవడమే సరైన లెక్క. బతికి దిగిన గన్నర్ రేపు మరో ట్యాంకు ఎక్కుతాడు.

ఏ కవచమూ సంపూర్ణం కాదు. పైనుంచి వాలే చవక డ్రోన్లు ఉక్రెయిన్‌లో అబ్రామ్స్‌నూ కొట్టాయి, గాజా సరిహద్దులో మెర్కావానూ కొట్టాయి. అందుకే దెబ్బ తగలకుండా చూడడం ఒక ఎత్తయితే, తగిలాక మనిషి బతికేలా చూడడం మరో ఎత్తు. మొదటిదాన్ని ఏ దేశమూ పూర్తిగా సాధించలేదు. రెండోదాన్ని సాధించే మార్గం ఎనభై ఏళ్లుగా కళ్లెదుట ఉంది.

చేయగలిగిన పనులు ఉన్నాయి. ఇప్పుడున్న టీ-72, టీ-90లలో పళ్లెం బయట గుండ్లు సర్దడాన్ని ఆపి, వాటికి టరెట్ వెనుక విడి పెట్టెలు బిగించాలి. ప్రతి ట్యాంకుకూ ఏసీ ఉండాలి. డ్రోన్లనూ క్షిపణులనూ దారిలోనే ఆపే వ్యవస్థలను ఇంజిన్లతో సమానంగా కొనాలి. వీటన్నిటి కన్నా ముఖ్యమైనది మరొకటి. టీ-72ల స్థానంలో రాబోయే కొత్త తరం ట్యాంకులకు 2024 సెప్టెంబరులో రక్షణ కొనుగోళ్ల మండలి పచ్చజెండా ఊపింది. సైన్యం కోరుతున్నవి 1,770. బహుళ అంచెల రక్షణ ఉంటుందని ప్రకటనలో రాశారు. ఆ మాటకు అర్థమేమిటో ఇప్పుడే తేలాలి. ఒకసారి డ్రాయింగ్ ఖాయమైతే రాబోయే నలభై ఏళ్లు మన పిల్లలు అందులోనే కూర్చోవాలి.

పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం సభ్యులను, ముఖ్యంగా రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలను మేం కోరేది ఒక్కటే. సిబ్బంది ఉండే చోటుకూ గుండ్లు ఉండే చోటుకూ మధ్య ఉక్కు గోడ లేని ఏ డిజైన్‌నూ అంగీకరించబోమన్న వాక్యం ఆ 1,770 ట్యాంకుల అవసరాల పత్రంలో ఉందో లేదో రక్షణ మంత్రిని సభలో అడగండి. లేదంటే, రాయించేదాకా ఒప్పుకోకండి.